లైట్ స్టాండ్‌తో పాటు మాయమైన మేనమామ: ఒక పెళ్ళి వీడియో కేస్ స్టడీ

తిరుపతిలో పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళకు ఒక చిక్కుంది. ఇక్కడ జరిగే పెళ్ళిళ్ళలో చాలావాటికి రెండు వైపులా బయటి ఊళ్ళవాళ్ళే. స్వామి కొండ కింద పెళ్ళి చేస్తామని మొక్కుకుని వస్తారు. పెళ్ళికొడుకు వాళ్ళు తమ ఊరి ఫొటో టీమ్‌ను వెంటబెట్టుకుని దిగుతారు, పెళ్ళికూతురు వాళ్ళు ఇక్కడి వీడియో టీమ్‌ను మాట్లాడుకుంటారు. ముఖపరిచయం లేని రెండు టీములు తెల్లవారుజామున మూడింటికి మండపంలో కలుసుకుంటాయి. వాళ్ళ లైటు మా ఫ్రేములో, మా ట్రైపాడ్ వాళ్ళ ఫ్రేములో.

ఇది అలాంటి ఒక పెళ్ళి సంగతి. అమ్మాయి వాళ్ళది చిత్తూరు. మండపం తిరుచానూరు రోడ్డులో. ముహూర్తం తెల్లవారుజామున 4.40కి. పదిహేడు సెకన్ల షాట్‌లోంచి ఒక లైట్ స్టాండ్ తీయడానికి నాకు మొదటిసారి ఒక రాత్రి పట్టింది, రెండోసారి నాలుగు రాత్రులు. మొదటిసారి ఎక్కడ తప్పాను, రెండోసారి ఏం చేశాను అన్నదే ఈ రాత. ఆ కుటుంబాన్ని అడిగే రాస్తున్నాను, పేర్లు మాత్రం రాయడం లేదు.

మండపంలో

మావి మూడు కెమెరాలు. ఒకటి ఎదురుగా ట్రైపాడ్ మీద వైడ్‌లో కదలకుండా ఉంటుంది. రెండోది గింబల్ మీద, అంటే నడుస్తున్నా కెమెరా కుదుపు లేకుండా నిలబెట్టే పిడి మీద, నా చేతిలో. మూడోది పక్క నుంచి క్లోజప్పులకు. మూడూ 4కే, సెకనుకు 25 ఫ్రేములు, షటర్ తెరుచుకునేది సెకనులో 50వ వంతు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మండపాల ట్యూబ్‌లైట్లు, చవకరకం ఎల్ఈడీలు తెర మీద మినుకుమినుకుమనకుండా ఉండాలంటే ఈ లెక్క సుఖం.

జీలకర్ర బెల్లం బాగానే వచ్చింది. అడ్డుతెర దించారు, ఇద్దరూ ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెట్టారు, మూడు కెమెరాల్లోనూ ముఖాలు శుభ్రంగా ఉన్నాయి. ఆ తర్వాత ఫొటో టీమ్ కుర్రాడు తొమ్మిదడుగుల స్టాండు, దాని మీద పెద్ద సాఫ్ట్‌బాక్స్ (వెలుతురును మెత్తబరిచే గుడ్డపెట్టె తొడిగిన లైటు) మోసుకొచ్చి మండపం మెట్ల ముందు ఎడమ పక్కన నిలబెట్టాడు. సరిగ్గా నేను నడవాల్సిన దారిలో.

"తమ్ముడూ, రెండడుగులు పక్కకు జరుపు."

"మా సార్ ఈడనే పెట్టమన్నాడన్నా."

సార్ ఎక్కడున్నాడా అని తలతిప్పి చూసేలోపు పురోహితుడు చెయ్యెత్తాడు, గట్టిమేళం మొదలైంది. గట్టిమేళం మొదలయ్యాక లైటు గురించి పంచాయితీ పెట్టుకునే వీడియోగ్రాఫర్ ఇంకో పెళ్ళికి పనికిరాడు. నా షాటు నేను మొదలుపెట్టాను.

కుడి నుంచి ఎడమకు అర్ధచంద్రాకారంలో నడుస్తూ 38 సెకన్లు తీశాను. పన్నెండో సెకను దగ్గర స్టాండు ఎడమ అంచు నుంచి ఫ్రేములోకి వచ్చింది. తాళి కట్టేటప్పుడు నేను ఆగాను, దాదాపు ఆరు సెకన్లు. ఆ ఆరు సెకన్లూ స్టాండు గొట్టం ఫ్రేములో మూడో వంతు దగ్గర నిటారుగా నిలబడి ఉంది. తర్వాత నేను దాన్ని దాటుకుని ముందుకు వెళ్ళాను, అది పక్కకు జారిపోయింది. మొత్తం 17 సెకన్లు, అంటే 425 ఫ్రేములు. ఆ 425లోనే మూడు ముళ్ళూ పడ్డాయి.

పక్క కెమెరాలో తాళి కనపడుతుంది కదా, అది వేసుకోవచ్చు కదా అని నా అసిస్టెంట్ అన్నాడు. కనపడుతుంది, కానీ అందులో పెళ్ళికొడుకు వీపే ఎక్కువ. అమ్మాయి ముఖం, అబ్బాయి వేళ్ళు, వెనక అక్షింతలు విసిరే బంధువులు, అందరూ ఒకే ఫ్రేములో ఉన్నది నా గింబల్ షాట్ ఒక్కటే. మళ్ళీ కట్టమని అడిగే పని కాదు కదా.

తేలిగ్గా పోయినవి

వైడ్ షాట్‌లోనూ స్టాండు ఉంది. అక్కడ పెద్ద కష్టమేమీ లేదు. మేం ఇచ్చేది 1920 బై 1080లో, తీసింది 3840 బై 2160లో. అంటే వెడల్పులో సగం, ఎత్తులో సగం కోసేసినా నాణ్యత పోదు. స్టాండు ఎడమ అంచు నుంచి అయిదో వంతులోపే ఉంది కాబట్టి ఆ అయిదో వంతు కోసేశాను. ఒక్కటే నష్టం. వెడల్పులో అయిదో వంతు కోస్తే ఎత్తులోనూ అయిదో వంతు కోయాలి, లేకపోతే బొమ్మ ఆకారం చెడుతుంది. 2160 గీతల్లో 432 పోతాయి. పైనుంచి కోస్తే పూలతో రాసిన వధూవరుల పేర్లు పోతాయి, కిందనుంచి కోస్తే పెళ్ళిపీటల ముందున్న ముగ్గు పోతుంది. పేర్ల కోసం డబ్బు పోశారు కాబట్టి ముగ్గును వదులుకున్నాను.

పేర్లూ ముగ్గూ రెండూ కావాల్సిన చోట, అంటే తలంబ్రాలప్పుడు, క్లీన్ ప్లేట్, అంటే అదే చోటు నుంచి స్టాండు లేకుండా తీసిన బొమ్మ, వాడాను. మూడున్నరకు మేము కెమెరా సర్దుకుంటూ ఊరికే రికార్డు చేసిన రెండు నిమిషాలున్నాయి. అందులో స్టాండు లేదు. ఆ ఖాళీ బొమ్మలోంచి స్టాండు ఉన్నంత మేర ముక్క కోసి, అంచులు మెత్తగా చేసి, పైన అతికించడమే. మధ్యలో ఎవరో ట్రైపాడ్‌కు కాలు తగిలించినట్టున్నారు, రెండు బొమ్మలకూ పన్నెండు పిక్సెళ్ళ తేడా వచ్చింది, సరిచేశాను. ఫ్యాను గాలికి ఊగే బంతిపూల దండలు అతుకు దగ్గర తెగినట్టు కనపడ్డాయి. అతుకును దండల మధ్య ఖాళీలోకి జరిపాను. అరగంట పని.

పురోహితుడి మైకు కూడా తీసెయ్యమని పెళ్ళికూతురి నాన్న అడిగాడు. నల్లటి వంపు గొట్టం ఆయన గడ్డం ముందు ఉంటుంది, ఆయన చేతులు దాని చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. తీయనని చెప్పాను. కష్టమని ఒక కారణం. ఇంకో కారణం, ఆ మైకు ఆ పెళ్ళిలోదే. మంత్రం అందులోంచే వినపడింది, హాల్లో వెయ్యిమంది దాన్ని చూశారు. లైట్ స్టాండు అలా కాదు, అది మాలాంటివాళ్ళ చెత్త. నేను తీసేది మా చెత్తనే. ఇంతకుముందు ఒక పెళ్ళిలో, పంపకాల దగ్గర గొడవపడ్డ చిన్నల్లుడిని వీడియోలోంచి తీసెయ్యమన్నారు. అది ఎడిటింగ్ పని కాదండీ, పెద్దమనుషుల పని అని పంపించేశాను.

మొదటి రాత్రి

ఇక ఆ 425 ఫ్రేములు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో కంటెంట్ అవేర్ ఫిల్ అని ఒకటుంది. ఫొటోషాప్‌లో ఈ సౌకర్యం 2010లోనే వచ్చింది, వీడియోకు 2019 ఏప్రిల్‌లో వచ్చింది. అక్కర్లేని వస్తువు చుట్టూ మాస్క్ గీసి, ఆ చోటును కన్నంగా చేసి, వెనకేముందో నింపమని చెబితే, ముందు వెనక ఫ్రేముల్లో ఆ చోట కనిపించినదాన్ని ఏరుకొచ్చి నింపుతుంది. కెమెరా కదిలే షాట్లలో ఇది బాగా పనిచేస్తుంది. దగ్గరున్న స్టాండు, దూరంగా ఉన్న గోడ ఒకే వేగంతో కదలవు. స్టాండు ఒక్కో క్షణం ఒక్కో చోటును కప్పుతుంది కాబట్టి, ఇప్పుడు కప్పిన చోటు ఇంకాసేపటికి బయటపడుతుంది. దొంగ అటు తిరిగినప్పుడు ఇటు తీసుకున్నట్టు.

మాస్క్ గీశాను, మూడు ఫ్రేములకు ఒకసారి సరిచేశాను, రాత్రి పన్నెండుకు రెండర్ పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే స్టాండు లేదు. కాఫీ తాగుతూ రెండుసార్లు చూసుకుని మురిసిపోయాను. మిగతా ఎడిటింగ్ అంతా అయ్యాక పెన్‌డ్రైవ్‌లో వేసి చిత్తూరు పంపించాను.

నేను చూసిందేమిటంటే, అప్పటికి నాలుగు రోజులుగా నా కళ్ళు వెతుకుతున్న స్టాండు లేకపోవడాన్ని. దాని బదులు అక్కడ ఏముందో చూడలేదు.

చిత్తూరు నుంచి ఫోను

వాళ్ళు పెద్ద టీవీలో, ఇంటిల్లిపాదీ కూర్చుని చూశారు. మర్నాడు సాయంత్రం పెళ్ళికూతురి అమ్మగారు ఫోను చేశారు. గొంతు మామూలుగా లేదు.

"ఏం నాయనా, తాళి కట్టేటప్పుడు మా తమ్ముడు యాడ?"

"ఉన్నాడు కదమ్మా, జీలకర్ర బెల్లం దగ్గర..."

"జీలకర్ర బెల్లం దగ్గర ఉండాడు. తాళి కాడ లేడు. పిల్లను గంపలో కూచోబెట్టుకుని ఎత్తుకొచ్చినోడు, తాళి కాడ లేకుండా యాడికి పోతాడు? భుజం ఉండాది, తల లేదు. చూడు నువ్వే."

ఫోను పెట్టేసి చూశాను. ఆవిడ చెప్పింది నిజమే. ఆ ఆరు సెకన్లలో గొట్టం సరిగ్గా మేనమామ మీద నిలబడి ఉంది. నేను కదలకుండా ఆగాను కాబట్టి దాని వెనకున్నది సాఫ్ట్‌వేర్‌కు ఎక్కడా దొరకలేదు. దొరకనప్పుడు అది అడగదు, పక్కనున్నదాన్నే సాగదీసి పూడ్చేస్తుంది. మేనమామ పక్కన ఏముంది? పందిరి స్తంభం మీది ఎర్ర గుడ్డ. ఆయన ముఖంలో సగం, అక్షింతలు విసిరిన చెయ్యి మొత్తం ఎర్ర గుడ్డలో కలిసిపోయాయి. పెళ్ళింట్లో మేనమామను ఎర్ర గుడ్డగా మార్చినవాడిని ఆవిడ ఇంకా మర్యాదగానే మాట్లాడారు.

ఒకసారి తప్పు కనపడ్డాక మిగతావి వరసగా కనపడటం మొదలైంది. హోమం పొగ ఎడమకు తేలుతూ వచ్చి, ఒక నిలువు గీత దగ్గర కత్తిరించినట్టు ఆగి, అవతల మళ్ళీ మొదలవుతోంది. ముందువైపు నుంచి జనం విసిరిన అక్షింతలు ఆ గీత దగ్గరకొచ్చి మాయమై, రెండు ఫ్రేముల తర్వాత అవతల పుడుతున్నాయి. అన్నిటికన్నా సిగ్గుచేటు, మండపం మెట్ల మీద పరిచిన తెల్ల గుడ్డపై స్టాండు నీడ అలాగే పడి ఉంది. స్టాండు లేదు, నీడుంది.

ఆ రాత్రి టైమ్‌లైన్ తెరిచి, మొదట చేసిన పనంతా ఆపేసి, ఒక తెల్ల కాగితం తీసుకున్నాను. స్టాండు ఎలా తీయాలి అన్నది నేను వేసుకోవలసిన ప్రశ్న కాదు. తీయడం ఎవరైనా తీస్తారు. దాని వెనకున్నవి ఒక్కొక్కటీ ఎక్కడి నుంచి తేవాలి? కాగితం మీద ఎడమ పక్క వెనకున్నవన్నీ రాశాను: స్తంభం గుడ్డ, బంధువుల వరస, మేనమామ, పొగ, అక్షింతలు, మెట్ల మీది నీడ. కుడి పక్క ప్రతిదానికీ "ఎక్కడుంది" అని రాశాను. కొన్నిటికి వెంటనే జవాబు దొరికింది. మేనమామకు దొరకలేదు.

స్తంభం, నీడ

స్తంభం గుడ్డ కదలని వస్తువు. షాట్ మొదట్లో, స్టాండు ఫ్రేములోకి రాకముందు అది పూర్తిగా కనపడుతుంది. మోకా అనే సాఫ్ట్‌వేర్‌లో దాని సమతలాన్ని ట్రాక్ చేయించి, అంటే ఫ్రేము ఫ్రేముకూ అది ఎటు కదిలిందో పట్టించి, మొదట్లోని శుభ్రమైన గుడ్డను 425 ఫ్రేముల పొడవునా దాని మీద అతికించాను. బంధువుల వరస ఇంకో సమతలం. స్తంభానికి వాళ్ళకూ మధ్య అయిదారడుగులు దూరం ఉంది, కెమెరా కదిలితే రెండూ వేరువేరుగా కదులుతాయి. కాబట్టి దానికి వేరే ట్రాక్. మొదటి రాత్రి అన్నిటినీ ఒకే కన్నంగా చూడటం వల్లే అదంతా అంటుకుపోయింది.

మాస్క్ దగ్గర ఒక మాట. స్టాండు నా కెమెరాకు దగ్గరగా, ఫోకస్‌కు బయట ఉంది. ఫోకస్ తప్పిన వస్తువుకు అంచు ఉండదు, అంచు దగ్గర నలుపు వెనకున్న రంగులోకి కారుతుంది. కనిపించే గొట్టం వెడల్పు 70 పిక్సెళ్ళయితే దాని మసక రెండు వైపులా ఇంకో ఇరవై ఇరవై పాకింది. గొట్టం మేరకే మాస్క్ గీస్తే దెయ్యం లాంటి నల్లటి పొగ మిగులుతుంది. 110 పిక్సెళ్ళు తీసి, అంచును ఆ మసకంత మెత్తగా చేస్తేనే పోయింది.

నీడను ముందే తీసేశాను. ఇప్పుడు ఎవరికైనా నేను చెప్పేది ఇదే, వస్తువు కన్నా ముందు నీడ తీయండి. వస్తువు తీసేశాక నీడ గుర్తుండదు. ఇక్కడ నీడ తెల్ల గుడ్డ మీద కదలకుండా ఉంది, దానికి కొత్త గుడ్డ అతికించలేదు, ఆ మేరకు వెలుతురు కాస్త పెంచి, నీలంవైపు వాలిన రంగును పసుపుకు తెచ్చాను. గుడ్డ ముడతలు ముడతల్లాగే ఉండిపోయాయి. ఇత్తడి బిందె మెడ మీద సాఫ్ట్‌బాక్స్ ప్రతిబింబం చిన్న తెల్ల చతురస్రంలా మెరుస్తోంది. అది ఉంచేశాను. అమ్మాయి ముఖం మీద పడుతున్న వెలుతురు ఆ లైటుదే, అది కళ్ళలోనూ మెరుస్తోంది. బిందెలో మాత్రం ఎందుకు ఉండకూడదు?

అక్షింతలు

నేను భయపడింది దీనికి. తేలిగ్గా తేలింది మాత్రం ఇదే, అదీ నా తెలివి వల్ల కాదు.

ముందు నుంచి విసిరిన అక్షింతలు స్టాండుకూ కెమెరాకూ మధ్యలో పడుతున్నాయి. స్టాండు తీసేస్తే దాని మీదుగా వెళ్తున్న గింజలు కూడా పోతాయి. కొత్తవి పుట్టించి వేద్దామని ముందు కంప్యూటర్‌లో గింజలు తయారుచేశాను. పసుపు సరిపోలేదు, పడే వేగం సరిపోలేదు, తెర మీద కుంకుడుగింజలు రాలుతున్నట్టుంది.

అర్ధరాత్రి దాటాక షాటును నాలుగు రెట్లు పెద్దది చేసి, ఒక్కొక్క ఫ్రేమే జరుపుతూ చూస్తున్నాను. సాఫ్ట్‌బాక్స్ వీపు మా వైపుంది. నల్లటి గుడ్డ. ఆ నలుపు మీద ప్రతి గింజా, షటర్ తెరుచుకున్న 50లో ఒక వంతు సెకనులో ఎంత దూరం పడిందో అంత పొడుగు గీతగా, పసుపుపచ్చగా వెలుగుతోంది. గింజలను వేరుచేయడానికి స్టూడియోలో నల్లగుడ్డ కట్టుకుంటారు. నాకు ఆ నల్లగుడ్డ ఆ కుర్రాడే కట్టిపెట్టి వెళ్ళాడు! స్టాండు ఉన్న ముక్కను ఇంకో లేయరుగా తీసి, నలుపంతా తగ్గించి, వెలుగున్నదాన్నే నిలబెట్టి, శుభ్రం చేసిన బొమ్మ మీద స్క్రీన్ మోడ్‌లో, అంటే నలుపు మాయమై వెలుగు మాత్రమే కనపడేలా, వేశాను. అసలు గింజలు, అసలు వేగం, అసలు మసక. నాలుగుచోట్ల సాఫ్ట్‌బాక్స్ కుట్టు అంచు గింజలా మెరిసింది, వాటిని చెరిపాను.

స్టాండుకు అవతల పడ్డ గింజలు రెండు ఫ్రేములపాటు కనపడకుండా పోతాయి. అవి వదిలేశాను. వాటిని లెక్కపెట్టేవాడు పెళ్ళికి రాడు.

పొగ మాత్రం కాస్త మోసమే. అసలు పొగ ఎక్కడా దొరకలేదు. అదే షాట్‌లో కుడివైపు పొగను తీసుకుని, అడ్డంగా తిప్పి, పలచగా, నెమ్మదిగా ఆ గీత మీదుగా పోనిచ్చాను. రెండు వైపులా పొగ కలిసింది. పొగకు ముఖం ఉండదు కాబట్టి బతికిపోయాను.

మేనమామ

మూడో రాత్రి, నాలుగో రాత్రి మొత్తం ఆయనవే.

ముందు ఆయనను పూర్తిగా చూడాలి. తాళి కట్టే ఆ నిమిషంలో మా మూడు కెమెరాల్లో ఎక్కడా పూర్తిగా లేడు. అప్పుడు తట్టింది, ఆ స్టాండు పక్కనే నిలబడి ఫొటోలు తీసినవాడికి ఆయన కనపడి ఉంటాడు. పెళ్ళికొడుకు వాళ్ళ ద్వారా ఫొటోగ్రాఫర్ నంబరు సంపాదించి ఫోను చేశాను. కోపంగా మాట్లాడదామనుకుని మొదలుపెట్టాను గాని అతను వెంటనే, "అయ్యో, మా స్టాండు మీ షాట్‌లో పడిందా బ్రదర్, సారీ" అన్నాడు. గంటలో ఆ నిమిషం ఫొటోలు 23 పంపాడు. వాళ్ళ ఆల్బమ్‌లో మా ట్రైపాడ్ ఒకటి అతను ఫొటోషాప్‌లో తీసేశాడట. ఆ సంగతి కూడా చెప్పాడు, నవ్వుతూనే.

ఫొటోలను వీడియోలో అతికించలేదు. వెలుతురు, కోణం వేరు. అవి చూసి నేర్చుకోవడానికే. ఆయన కుడిచేతికి గడియారం లేదు, పసుపు దారం ఉంది. చొక్కా చేతులు మోచేతి వరకు మడిచి ఉన్నాయి. కండువా ఎడమ భుజం మీద ఉంది. ఇవి తెలియకుండా పని మొదలుపెట్టి ఉంటే ఖాయంగా గడియారం పెట్టి ఉండేవాణ్ణి.

ఇప్పుడు వచ్చే ఏఐ టూల్స్‌తో చేయొచ్చు కదా అని అడిగేవాళ్ళుంటారు. గోడకు, నేలకు, ఆకాశానికి నేనూ వాడతాను. మనిషి ముఖానికి, చేతికి వాడను. అది చెయ్యి గీస్తుంది, చక్కటి చెయ్యే గీస్తుంది. ఆయన చెయ్యి మాత్రం కాదు. అక్క పోల్చుకోలేకపోవచ్చు, ఆయన పోల్చుకుంటాడు.

ముఖం. గొట్టం ఆయన ఎడమ బుగ్గ మీద ఉంది. గింబల్ ఎంత ఆపినా నా ఊపిరికి బెత్తెడు అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊగుడులో ఒక్కోసారి ఆ బుగ్గ బయటపడుతుంది. ఆ ఫ్రేములు ఏరి, బుగ్గను తెచ్చి అతికించాను. చూస్తే కుడి సగం నవ్వుతోంది, ఎడమ సగం మంత్రం వింటున్నంత గంభీరంగా ఉంది. ఒకే ముఖంలో పెళ్ళి, పరీక్ష రెండూ! నవ్వు ఎక్కడ మొదలైందో వెతికాను. తాళి ఎత్తి చూపించిన క్షణంలో, గొట్టం ఇంకా ఆయన భుజం దగ్గరున్నప్పుడు, తొమ్మిది ఫ్రేములపాటు ముఖమంతా నవ్వుతూ కనపడుతోంది. ఆ తొమ్మిదిలోంచి ఎడమ బుగ్గ, పెదవి చివర తీసుకున్నాను. కన్ను మాత్రం ఊగుడు ఫ్రేముల్లోంచే, ఎందుకంటే రెప్పలు రెండూ ఒకేసారి పడాలి.

చెయ్యి. అక్షింతలు విసరడానికి ఆయనకు పట్టింది 31 ఫ్రేములు, సెకనుంబావు. ఒక్కొక్కటే చూశాను. గొట్టానికి ఇటు మోచేయి కనపడుతోంది, అటు వేళ్ళ చివర్లు కనపడుతున్నాయి. పోయింది మధ్యలోని మణికట్టే. అంతవరకూ చెయ్యి మొత్తం పోయిందనే అనుకుంటున్నాను. మోచేయి ఎక్కడుందో తెలుసు, వేళ్ళు ఎక్కడున్నాయో తెలుసు, మధ్యలో ఉండాల్సింది ఏ వాలులో ఉండాలో అవే చెబుతున్నాయి. విసరకముందు గుప్పిట్లో అక్షింతలు పట్టుకుని నిలబడినప్పుడు మణికట్టు, పసుపు దారం శుభ్రంగా ఉన్నాయి. అది కోసి, 31 ఫ్రేముల్లోనూ చేత్తో తిప్పి, సాగదీసి, చెయ్యి వేగంగా ఉన్నచోట ఆ దిక్కుగా మసక చేశాను. ఒక్కో ఫ్రేముకు పది, పదిహేను నిమిషాలు. పద్దెనిమిదో ఫ్రేములో దారం మణికట్టుకు తప్పు వైపు వచ్చింది, అది ఆడించి చూసినప్పుడు కాదు, ఆపి చూసినప్పుడే కనపడింది. అయినా సరిచేశాను.

అన్నీ అయ్యాక కూడా అతికించిన ముక్కలు మైనంలా నున్నగా ఉన్నాయి. వెలుతురు చాలక కెమెరా సున్నితత్వం (ఐఎస్ఓ) 3200కు పెంచి తీసిన షాటు, చీకట్లో గ్రెయిన్, అంటే ఇసుక రేణువుల్లాంటి చుక్కలు, కదులుతూ ఉంటుంది. అతుకులు ట్రాకింగ్‌లో సాగి, ఆ గ్రెయిన్ పోగొట్టుకున్నాయి. అసలు షాట్‌లోని గ్రెయిన్ కొలిచి, ఎరుపు, పచ్చ, నీలం ఛానెళ్ళలో వేరువేరుగా వేశాను. నీలంలో ఎక్కువ వేయాల్సి వచ్చింది, ఎప్పుడూ అంతే.

పరీక్ష

ఈసారి నా కళ్ళను నమ్మలేదు. షాటును అద్దంలోలాగా కుడిఎడమలు తిప్పి చూశాను, అలవాటైన కన్నుకు అప్పుడు తప్పులు తగులుతాయి. రెండు తగిలాయి. తర్వాత ఇంట్లో టీవీకి కలిపి, ఏమీ చెప్పకుండా మా అమ్మకు చూపించి, "ఎట్లుంది?" అన్నాను.

"కాసులపేరు బాగుంది. పాతకాలం నాటిది లాగుంది" అంది.

"ఇంకేం కనపడింది?"

"ఆ వెనకాయన ఎవరు, మేనమామా? భలే సంబరంగా ఉండాడే."

అంతకుమించి అడగలేదు.

కొత్త పెన్‌డ్రైవ్ చిత్తూరు పంపించాను. రెండోసారి పనికి డబ్బులు అడగలేదు, మొదటిసారి తప్పు నాది. అమ్మగారు చూసి ఫోను చేసి, "ఇప్పుడు ఉండాడు" అన్నారు. అక్కడితో ఫోను అయిపోయింది. మెచ్చుకోలు లేదు. ఉండాల్సినవాడు ఉంటే మెచ్చుకోవడం ఎందుకు?

నెల తర్వాత మేనమామ నా నంబరు కనుక్కుని, ఆ పదిహేడు సెకన్లూ కోసి పంపమన్నాడు. పంపాను. మర్నాడు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నాడు. చూశాను. కుదించి కుదించి బొమ్మ గళ్ళుగళ్ళుగా అయింది, అక్షింతలు ముద్దకట్టాయి, ఛానెల్ ఛానెల్‌గా వేసిన గ్రెయిన్ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. చెయ్యి మాత్రం ఉంది.